తుమ్మల మడి రాగం

నేను దుబాయి పోయొచ్చానని మా వాడంతా చెప్పుకుంటుంది. నేను పోయింది బహ్రెయిన్. ఎన్నిసార్లు చెప్పినా "ఏదైతేంది, ఇమానమెక్కి సముద్రం దాటినవ్ గదా, దుబాయే" అంటారు. ఆ తర్వాత ఇంకో మాట అంటారు: "ఒక్క పాట కోసం గంత దూరం పోవుడేంది?" పోయాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ పోతాను.

మా అమ్మ లచ్చవ్వ నాట్ల కూలి. తుమ్మల మడిలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లేస్తుంటే ముందు పాట ఎత్తుకునేది ఆమే. ఒక్క పాదం పాడి ఆగేది. మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. ఊళ్ళో కొన్ని ఇళ్ళవాళ్ళం బాప్తిస్మం తీసుకున్నాక ఆమె రాగం మార్చలేదు, మాటలు మాత్రం మార్చింది. "ఉయ్యాలో" అన్నచోట "యేసయ్యా" అని పెట్టింది.

మోకాలి దాక నీళ్ళు యేసయ్యా
మా నడుములిరిగినయి యేసయ్యా
నీవు గూడ కూలి బిడ్డవంట యేసయ్యా
మా మునుములోకి రావయ్య యేసయ్యా

మునుము అంటే నాట్లేసేటప్పుడు ఒక్కొక్కరి వంతుకు వచ్చే బారు. దేవుణ్ణి గుళ్ళోకో గుండెలోకో రమ్మనే పాటలు చాలా ఉన్నాయి. బురదలోకి రమ్మని పిలిచింది మా అమ్మ.

నేను బీడీలు చేసి బతికినదాన్ని. యాభై దాటాక, బడి వరండాలో మధ్యాహ్నం పూట పెట్టిన క్లాసులో చదువు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే చర్చి పాటల పుస్తకం తెరిచి మా అమ్మ పాట కోసం మొదటినుంచి చివరిదాకా వెతికాను. లేదు. ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంటారని అన్నేళ్ళూ అనుకున్నాను.

అందుకే బహ్రెయిన్ నుంచి మా చెల్లె బిడ్డ సునీత ఫోన్ చేసి, "పెద్దమ్మా, మా తెలుగు చర్చి సంఘపోళ్ళు పాటల పుస్తకం ఏస్తున్రు. అమ్మమ్మ పాట పాడితే మస్తు నచ్చింది. నువ్వే వచ్చి పాడాలె" అన్నప్పుడు, పాస్‌పోర్టు ఎట్లా తీస్తారో కూడా అడగకుండా వస్తానన్నాను.

నయీమ్

విమానాశ్రయంలో నా సంచి విప్పించారు. మామిడికాయ తొక్కు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ సంచిలో పెట్టాడు అక్కడి అధికారి. సకినాలు చూసి మాత్రం ఆగిపోయాడు. చుట్టలు చుట్టలుగా ఉన్నవి ఏమిటో అతనికి అంతుపట్టలేదు. నేను ఒకటి విరిచి నోట్లో వేసుకుని కరకరా నమిలి చూపించాను. అతనికీ ఒక ముక్క ఇచ్చాను. వాసన చూశాడు గాని తినలేదు. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వుతుంటే, తల ఊపి పొమ్మన్నాడు.

సునీత ఉండేది నయీమ్‌లో. బహ్రెయిన్ పెద్ద పట్నం మనామాలోనే పాత వాడ. కింద దుకాణాలు, పైన ఇరుకు గదులు, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకోవాల్సినంత సందులు. ఆడవాళ్ళ నల్ల అబాయాలు కుట్టే దుకాణంలో దాని పని. గదిలో మంచం, గ్యాసు పొయ్యి, కిటికీకి తగిలించిన ఏసీ. ఆ ఏసీ మోత మా ఊరి పిండిగిర్ని మోతలాగే ఉంటుంది.

పొద్దున్నే రొట్టెల దుకాణానికి తీసుకుపోయింది. గోలెమంత మట్టి పొయ్యి లోపలి గోడకు రొట్టెలు చరిచి కాలుస్తున్నారు. వంద ఫిల్సులకు ఇద్దరికీ సరిపోయాయి. వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు. పొగలు కక్కే రొట్టెను పళ్ళెం లేకుండా చేతిమీదే పెట్టించుకుని నడిచిపోతారు. పక్క హోటల్లో తీపి సేమియా పెట్టి, దానిమీద ఆమ్లెట్ పరిచారు. "ఇదేం తిండే, పాయసం మీద గుడ్డు?" అన్నాను. "తిని అను పెద్దమ్మా" అంది సునీత. తిన్నాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

తింటుండగా మసీదు నుంచి బాంగు వినిపించింది. వాద్యం లేదు, తాళం లేదు, ఒట్టి గొంతు. ఆ సందులన్నీ దాంతోనే నిండిపోయాయి. అప్పుడు ఊరికే బాగుందనుకున్నాను. తర్వాతి రోజుల్లో అదే నాకు పదేపదే గుర్తొచ్చింది.

నువైద్రాత్

మా పక్క ఊరి గంగారాం నువైద్రాత్ దగ్గర పనివాళ్ళ క్యాంపులో ఉంటాడు. తాపీ పని. వాళ్ళావిడ పంపిన తొక్కు సీసా ఇవ్వడానికి మర్నాడు సునీత, నేను బయల్దేరాం. కారు ఖాదర్ భాయ్‌ది. జగిత్యాల మనిషి. నేను ఎక్కగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, బెల్టు పెట్టుకో. ఇక్కడి పోలీసోళ్ళకు ముసలామె అంటే జాలి లేదు."

"నేను ముసలిదాన్నని నీకెవరు చెప్పిన్రు?"

"మాఫ్ చెయ్యి అక్కా. అక్కలైనా సరే, బెల్టు పెట్టుకోవాలె."

దారి పొడుగునా మట్టి రంగు గోడలు, అక్కడక్కడా ఖర్జూరపు తోటలు. పచ్చదనం కనబడినచోటల్లా నల్లటి నీళ్ళ పైపులు పాకి ఉన్నాయి. వాన పడి మొలిచిన మొక్క ఒక్కటైనా కనబడుతుందేమోనని చూశాను.

గంగారాం డ్యూటీ దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. సీసా మూత తీసి వాసన పీల్చి, మళ్ళీ గట్టిగా బిగించాడు. "రూముల ఇప్పితే ఒక్క పూటల ఖలాస్" అన్నాడు. రోడ్డు పక్కన నిలబడి చిక్కటి కరక్ చాయ్ తాగాం. ఎందుకొచ్చానో చెప్పి, పాట మొదటి పాదం మెల్లగా అన్నాను.

అతను చాయ్ కప్పు దించాడు. "ఇది మా అవ్వ పాడేది. నాట్లప్పుడు. గని యేసయ్యా కాదు, ఉయ్యాలో."

"రెండూ ఒకటే రాగం. శుక్రవారం రా, పాడుతున్న."

"నేను చర్చికి వచ్చి ఏం చెయ్యాలె చిన్నమ్మా? మాది మల్లన్న ఇల్లు." చాయ్ ఒక గుక్క తాగాడు. "అయిపోయినంక బిర్యానీ పెడ్తరా?"

"పెడ్తరు" అంది సునీత.

"అయితే వస్త. మల్లన్నకు నేను చెప్పుకుంట."

ఆ సాయంత్రం సంఘంవాళ్ళు అద్దెకు తీసుకున్న హాల్లో పాటల సాధన. పుస్తకం పని చూసే సంఘపెద్ద ప్రకాశరావు గారు గుంటూరు వైపు మనిషి, ఒక కంపెనీలో ఇంజనీరు. నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి పాడమన్నారు. పాడాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"మాటలు చాలా బాగున్నాయమ్మా. 'నీవు గూడ కూలి బిడ్డవంట' అన్నచోట నాకు ఒళ్ళు జలదరించింది. కానీ రాగం కుదరదండి. ఇది బతుకమ్మ బాణీ, పొలం బాణీ. ఆరాధనలో పాడితే గంభీరంగా ఉండదు. ఈ మాటలకే ఒక మంచి ఇంగ్లీషు రాగం కుదిర్చాను, వినండి."

కీబోర్డు మీద వాయించారు. నిదానంగా, మెత్తగా సాగే రాగం. బాగానే ఉంది. మా అమ్మ మాటలు దానిమీద పెట్టి పాడారు. బురదలో దిగాల్సిన కాళ్ళకు బూట్లు తొడిగినట్టు అనిపించింది.

"మాటలు వేస్తే రాగం కూడా మాదే వెయ్యాలె" అన్నాను.

"శనివారం పుస్తకం ప్రింటుకు వెళ్తుంది. శుక్రవారం ఈ రాగంతో పాడండి, వేస్తాం. లేకపోతే వదిలేయాల్సి వస్తుంది." ఆయన గొంతు తగ్గించారు. "కోపం తెచ్చుకోకండి. మా తాత డప్పు కొట్టేవాడు. ఎవరింట్లో చావైనా, ఎవరింట్లో పెళ్ళైనా పిలుపు రాగానే పరుగెత్తాలి. ఆ డప్పు వినపడని చోటు కావాలనే మేం చర్చిలోకి వచ్చాం. ఇక్కడ కూడా మళ్ళీ అదే వినాలా?"

ఆ మాటకు సునీత తల దించుకుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. నాకు బాధ కలిగింది గాని నోరు ఊరుకోలేదు.

"మీ తాతను ఉరికిచ్చింది డప్పు గాదు సారూ. పిలిచినోడు."

ఆయన కీబోర్డు మీద గుడ్డ కప్పారు.

జింజ్

దారిలో సునీత నన్ను కోప్పడింది. "ఒక్కసారి ఆ రాగంల పాడితే ఏమైతది? పుస్తకంల ఎక్కుతది. అమ్మమ్మ పేరుంటది."

"ఆమె పేరు పెట్టి వేరేవాళ్ళ గొంతు పెడితే అది ఆమెనే?"

అది వదల్లేదు. దాని దుకాణానికి బట్టలు సరిచేయించుకోవడానికి వచ్చే ఒక అమెరికా ఆమె ఉందట, పేరు రూత్. జింజ్‌లో ఉంటుంది. గురువారం మధ్యాహ్నాలు ఆమె ఇంట్లో పాటలు పాడతారు. అక్కడ ఇంగ్లీషు రాగాలు నాలుగు వింటే నా మొండితనం కరుగుతుందని సునీత లెక్క. నేనూ సరేనన్నాను. శత్రువు ఇల్లు చూసి రావడంలో తప్పేముంది?

జింజ్ నయీమ్ లాంటిది కాదు. వెడల్పు వీధులు, అద్దాల దుకాణాలు, లిఫ్టు ఉన్న ఇళ్ళు. రూత్‌కు నా వయసే ఉంటుంది. చెప్పులు లేకుండా వచ్చి తలుపు తీసింది. ఇంట్లో పియానో ఉంటుందనుకున్నాను. ఏ వాద్యమూ లేదు. గది మధ్యలో ఖాళీ జాగా వదిలి, నాలుగు వైపులా కుర్చీలు వేశారు. అందరి ముఖాలూ లోపలికే. పది మంది ఉంటారు: ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒక మలయాళీ నర్సు, ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్ళు.

"వినేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగించాను.

రూత్ నవ్వింది. సునీత తెలుగులో చెప్పింది: "వినేటోళ్ళు ఉండరంట పెద్దమ్మా. వచ్చినోళ్ళంత పాడుడే."

అడ్డంగా పొడుగున్న పుస్తకం నా చేతిలో పెట్టారు. మాటలు ఇంగ్లీషు, నాకు రావు. కానీ మాటల పైన బొమ్మలున్నాయి. స్వరానికో ఆకారం. మూడు మూలలది 'ఫా', గుండ్రంది 'సో', నాలుగు పలకలది 'లా', కోలగా నాలుగు మొనలున్నది 'మీ'. ముందు మాటలు లేకుండా ఆ బొమ్మలనే పాడతారు, ఆ తర్వాతే మాటలు. నేను వాటికి నా పేర్లు పెట్టుకున్నాను: సమోసా, గారె, మైసూర్‌పాకు, కాజూ కత్లీ. తెలుగు అక్షరాలకు నాకు రెండేళ్ళు పట్టింది. వీటికి ఒక చాయ్ తాగేంత సేపు పట్టింది.

రూత్ మధ్యలో నిలబడి చెయ్యి పైకెత్తి దించింది. ఒక్కసారిగా అందరూ, ఆ బాంగులాగే ఒట్టి గొంతుతో, అరిచినట్టే పాడారు. ఎవరూ గొంతు సన్నం చేసుకోలేదు. చేతులు పైకి కిందికి ఊపుతూ, కాళ్ళు నేలకు కొడుతూ పాడుతున్నారు. సగం పాట అయ్యేదాకా నేను గుర్తుపట్టలేదు. అది ప్రకాశరావు గారి రాగం. ఆ మెత్తటి రాగమే!

"ఇది ఎవరు కట్టిన్రో అడుగు" అన్నాను సునీతతో.

సునీతకు వచ్చిన ఇంగ్లీషు దుకాణం ఇంగ్లీషు. మలయాళీ నర్సు హిందీలో సాయం చేసింది. అంతా కలిసి నాకు చెప్పింది ఇది: ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అమెరికా కొండ పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్ళు ఆ రాగంలో విడిపోయిన ప్రేమికుల కథలు పాడుకునేవాళ్ళట. ఊరూరా తిరిగి పాట నేర్పే పంతుళ్ళు వాటిని విని, వాటికి దేవుని మాటలు పెట్టారు. సంగీతం చదవడం రాని జనం కోసం ఈ ఆకారాలు వాడారు. పట్నంలో గొప్పవాళ్ళు నవ్వారట. ఇవి మొరటు రాగాలు, ఈ బొమ్మలు పామరుల కోసం అన్నారట. ఆ తర్వాత ఎప్పుడో ఎవరో ఇందులో కొన్నిటిని నున్నగా చేసి పెద్ద చర్చిల పుస్తకాల్లో పెట్టుకున్నారు.

"మా నానమ్మ ఆవులు పిండుతూ ఇది పాడేది" అంది రూత్.

పాట పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట మీద వేలు పెట్టాను. పాట పేరా అని అడిగాను. కాదట. రాగం పేరు. వాళ్ళ దగ్గర రాగానికి వేరే పేరు పెడతారు. ఎక్కువగా ఊళ్ళ పేర్లు, ఏర్ల పేర్లు. మాటలు మారినా రాగం తన పేరుతో తాను ఉంటుంది.

అక్కడ ఇంకో పద్ధతి: వచ్చినవాళ్ళు ఎవరైనా మధ్యలో నిలబడి ఒక పాట నడపాలి. రూత్ నా చెయ్యి పట్టుకుని లేపింది. మా అమ్మ పాట ఒక్క పాదం పాడి ఆగాను. ఆపడం అర్థంకాక అందరూ చూశారు. చేత్తో సైగ చేశాను. రెండోసారికి "యేసయ్యా" అందుకున్నారు, ఫిలిప్పీన్స్ యాసలో, అమెరికా యాసలో. నాలుగు దిక్కుల నుంచి వచ్చి గొంతు నాకే తగిలింది. నాట్లలో మా అమ్మకు రెండు పక్కల నుంచీ ఇట్లాగే తగిలి ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పటికి నాకు ఆ రాగం మీద కోపం పోయింది. అదీ మా అమ్మ రాగం తిన్న తిట్లే తిని వచ్చింది. వియ్యపురాలు దొరికినట్టనిపించింది. అయితే వియ్యపురాలు ఇంటికొస్తే పీట వేస్తాం గాని, మా అమ్మను లేపి ఆమె పీట ఇవ్వం గదా.

శుక్రవారం

అక్కడ వారం సెలవు శుక్రవారం. ఆరాధన కూడా ఆ రోజే. హాలు నిండిపోయింది. ముందు వరసల్లో కుటుంబాలు, వెనక క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన మగవాళ్ళు. గంగారాం చిట్టచివర, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బిర్యానీ గిన్నెలు దిగేది అక్కడే.

మొదలవకముందే ప్రకాశరావు గారిని పట్టుకుని, రూత్ ఇంట్లో విన్నదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"నాకు తెలీదమ్మా. నిజమే కావచ్చు. కానీ ఇన్నాళ్ళలో దానికి అంటిన మట్టి పోయింది కదండీ."

"మా పాటల మట్టి తీసేస్తే ఇంకేం మిగులుతది సారూ?"

"శుక్రవారం పూట వాదన వద్దు" అని వెళ్ళిపోయారు.

నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబెట్టారు. కీబోర్డు మీద ఆ మెత్తటి రాగం మొదలైంది. అది అయ్యేదాకా ఆగాను. అయ్యాక మైకులో చెప్పాను: "ఈ రాగం మంచిది. అమెరికాల పొలం చేసుకునేటోళ్ళది. వాళ్ళది వాళ్ళు పాడుకుంటున్రు, నేను విన్న. మాది మేం పాడుకుంటం."

మైకు వదిలి దిగి, కుర్చీల మధ్య దారిలోకి వచ్చి నిలబడ్డాను. "లోపటికి తిరుగున్రి" అన్నాను. ఎవరూ కదల్లేదు. సునీత ఒక్కతే కుర్చీ తిప్పింది. కాళ్ళు నేలకు రాసుకుని కీచుమని చప్పుడైంది. దాని పక్కనామె కూడా కొంచెం తిరిగింది.

మోకాలి దాక నీళ్ళు యేసయ్యా...

ఆగాను. పాడటం నా పని, అందుకోవడం వాళ్ళది. నేనే రెండో పాదం ఎత్తుకుంటే అది ఒక ముసలిదాని పాట అయిపోతుంది. ఏసీ మోత తప్ప ఏమీ వినబడలేదు. ముందు వరసలో ఒకాయన దగ్గాడు. ప్రకాశరావు గారు చేతిలో పుస్తకం మూసి నన్నే చూస్తున్నారు. సునీత నోరు తెరిచింది గాని గొంతు రాలేదు. ఇంత దూరం తెచ్చి ఇక్కడ పారేసుకున్నానా అనుకున్నాను. అయినా రెండో పాదం ఎత్తుకోలేదు.

గుమ్మం దగ్గర నుంచి గంగారాం గొంతు వచ్చింది.

"మా నడుములిరిగినయి ఉయ్యాలో!"

వాళ్ళవ్వ దగ్గర నేర్చుకున్నది అతనికి అట్లాగే వచ్చింది. నలుగురు నవ్వారు. ఒకామె బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆపలేదు. మూడో పాదం ఎత్తుకున్నాను. ఈసారి వెనక వరసలన్నీ అందుకున్నాయి. మెట్‌పల్లి వాళ్ళు, కోరుట్ల వాళ్ళు, ఆర్మూరు వాళ్ళు. వాళ్ళందరి తల్లులూ ఏదో ఒక మడిలో వంగినవాళ్ళే. సగం మంది యేసయ్యా, సగం మంది ఉయ్యాలో. మొదటిసారి రెండూ గుద్దుకున్నాయి. రెండోసారికి సర్దుకుని ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. సునీత ఏడుస్తూ పాడింది. ముందు వరసల కుర్చీలు ఒక్కొక్కటే తిరిగిన చప్పుడు నాకు వినబడింది.

ప్రకాశరావు గారు పాడలేదు. కూర్చోనూ లేదు.

బిర్యానీ పెట్టేటప్పుడు గంగారాం రెండో పళ్ళెంతో కనబడ్డాడు. "తప్పు పాడిన్నా చిన్నమ్మా?" అన్నాడు.

"కరెక్టే పాడినవ్, తిను" అన్నాను.

ప్రకాశరావు గారు కాగితాలు పట్టుకుని వచ్చారు. రేపు ప్రింటుకు పోయేవి. మా అమ్మ పాట అందులో ఉంది. పైన 'రాగం' అని రాసి, ఆయన కుదిర్చిన రాగం పేరు కొట్టేసి ఉంది.

"అందరూ అడుగుతున్నారు కాబట్టి వేస్తున్నాను. నాకు మాత్రం ఇంకా ఇష్టం లేదమ్మా."

"ఇష్టపడుమని నేను అడగలే సారూ. ఉంచుమని అడిగిన."

"ఉంచుతాను. కానీ ఇక్కడ ఏం రాయమంటారు? దీనికి పేరే లేదు కదా."

"కలం ఇయ్యున్రి" అన్నాను.

కాగితం గోడకు ఆనించి రాశాను. నా అక్షరాలు ఇంకా పెద్దవిగానే వస్తాయి. గీత దాటిపోయాయి. దాటితే దాటనీ అనుకున్నాను. తుమ్మల మడి.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివారు. "తుమ్మల మడి. ఇది మీ పొలమా?"

"మాకు పొలమెక్కడిది సారూ?" అన్నాను. "మడి దొరది. రాగం మా అమ్మది."